టీచర్ బయటికి వెళ్తే క్లాసు ఏమవుతుంది?

బడిలో పిల్లల క్రమశిక్షణ దేని మీద ఆధారపడి ఉంటుందో ఈరోజు మాట్లాడుకుందాం.

నా ఎనిమిదో తరగతిలో లెక్కల సార్ చేతిలో ఎప్పుడూ బెత్తం ఉండేది. ఆయన ఉన్నంతసేపూ చీమ చిటుక్కుమన్నా వినబడేది. ఆయన గడప దాటగానే సుద్దముక్కలు ఎగిరేవి. సైన్స్ టీచర్ మాత్రం మొదటి రోజే మా చేత నాలుగు నియమాలు రాయించి, ఒక్కొక్కటీ ఎందుకో చెప్పారు. ఆవిడ ఆలస్యంగా వచ్చినా మేం రికార్డు బొమ్మలు వేసుకుంటూ ఉండేవాళ్ళం. పిల్లలం మేమే, మరి తేడా ఎక్కడుంది?

1930ల చివర్లో అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ అనే పరిశోధకులు పదేళ్ళ పిల్లల బృందాలతో ఇలాంటిదే పరిశీలించారు. ఒక పద్ధతిలో పెద్దాయన అన్నీ ఆజ్ఞాపిస్తాడు. రెండో దానిలో పిల్లలతో చర్చించి నిర్ణయిస్తాడు. మూడో దానిలో వాళ్ళ మానాన వదిలేస్తాడు. ఆజ్ఞలిచ్చే పెద్దాయన బయటికి వెళ్తే పని బాగా తగ్గిపోయింది. చర్చించిన చోట పని సాగింది. ఊరికే వదిలేసిన చోట పని సరిగ్గా జరగలేదు.

అంటే భయం చూపు ఉన్నంతవరకే పనిచేస్తుంది. అలాగని గారాబమూ మందు కాదు. మన విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బెత్తం పోవాలి, సరే. ఆ స్థానంలో మనం ఏం పెడుతున్నాం?

ఈ ప్రశ్న నాకే తగిలింది. మా ఇంట్లో ఉండి ఏడో తరగతి చదివే మా అక్క కొడుకు క్లాసులో నిద్రపోతున్నాడని, హోంవర్క్ చెయ్యట్లేదని స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. రాత్రిళ్ళు ఫోన్ చూస్తున్నాడని గట్టిగా అరిచాను. చెయ్యి కూడా ఎత్తాను. వాడు తల వంచుకుని, "నువ్వూ చూస్తావు కదా మామయ్యా, అన్నం తినేటప్పుడు కూడా" అన్నాడు. ఎత్తిన చెయ్యి దించేశాను. సిగ్గేసింది.

ఆ రాత్రే ఇద్దరం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం. తొమ్మిదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ ఫ్రిజ్ మీదకి వెళ్ళాలి, ముందు నాది. ఆఫీస్ కాల్ ఉంటే వాడికి చెప్పి తీసుకుంటాను. వాడు పూర్తిగా మారాడని చెప్పను. కానీ నిన్న నేను పదింటికి ఇంటికొచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే వాడి ఫోన్ ఫ్రిజ్ మీద ఉంది.

బడిలో క్రమశిక్షణకి సగం పునాది ఇంట్లోనే పడుతుందండి. పిల్లలకి ఒక నియమం పెట్టేముందు, దాన్ని మనం పాటిస్తున్నామా అని ఒక్కసారి చూసుకుందాం.