ఉపగ్రహ మార్గదర్శనం - చోదకుని వివేకం

దారిలో ఉన్నవానికి ఎల్లప్పుడూ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. నేను ఇప్పుడు ఎక్కడ ఉన్నాను అన్నది మొదటిది. చేరవలసిన చోటికి ఏ దారిన పోవాలి అన్నది రెండవది. పూర్వం మొదటి ప్రశ్నకు నక్షత్రాలు, దిక్సూచి సమాధానం చెప్పేవి. మనం దిక్సూచి అనే పరికరాన్నే ఉర్దూలో కుతుబ్‌నుమా అంటారు. ధ్రువాన్ని చూపునది అని ఆ మాటకు అర్థం. రెండవ ప్రశ్నకు సమాధానం ఊరి పొలిమేరలోని టీ దుకాణం వద్ద దొరికేది. నేడు ఈ రెండు ప్రశ్నలనూ మనం ఒకే పరికరాన్ని అడుగుతున్నాము. ఒకే గొంతు రెండింటికీ బదులు చెప్పుట వలన, ఆ రెండు సమాధానాలూ సమానంగా నమ్మదగినవే అని భావిస్తున్నాము. ఈ భావనలోనే ప్రమాదం ఉన్నది.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ, బదాయూఁ ప్రాంతంలో రామగంగా నదిపై ఒక వంతెన కొనభాగం వరదలో కొట్టుకొనిపోయి ఉండగా, దాని మీదికి పోయిన కారు నదిలో పడి ముగ్గురు మరణించారు. వారు సెల్ ఫోనులోని మ్యాపును అనుసరించి పోతున్నారని పత్రికలలో వచ్చినది. అక్కడ ఉపగ్రహం చెప్పిన దానిలో పొరపాటు లేదు. కారు ఆ వంతెన మీదనే ఉన్నది. తప్పు పటంలో ఉన్నది, దారికి అడ్డుకట్ట లేకపోవుటలో ఉన్నది.

"ఏ మ్యాపు మంచిది? ఫోను చాలునా, కారుకు వేరే పరికరం కొనవలెనా?" అని మిత్రులు, విద్యార్థులు తరచు అడుగుతుంటారు. ఒక పేరు చెప్పి ఊరుకొనుట సులభం. కాని పరికరం లోపల ఏమి జరుగుతున్నదో తెలిసినవాడే తనకు తగినదానిని ఎన్నుకొనగలడు. కనుక ఉపగ్రహ సంకేతం, పటం, దారి నిర్ణయం అను మూడు అంశాలను వేరు వేరుగా పరిశీలించి, పిమ్మట ఎంపికను గురించి చెప్పదలచినాము.

1. ఆకాశం చెప్పునది

జి.పి.ఎస్. అమెరికా దేశపు సైనిక అవసరాల కొరకు పుట్టినది. దాని మొదటి ఉపగ్రహం 1978లో కక్ష్య చేరినది. 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయిన కొరియా ప్రయాణిక విమానం కూల్చివేయబడి 269 మంది మరణించారు. ఆ దుర్ఘటన తరువాత ఈ వ్యవస్థను పౌరుల ఉపయోగానికి కూడా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించారు. 1995 నాటికి అది పూర్తి స్థాయిలో పనిచేయసాగినది. అయినను పౌరులకు అందే సంకేతంలో కావలసికొని కొంత దోషం కలిపేవారు. దాని వలన స్థానం సుమారు నూరు మీటర్ల వరకు తప్పేది. 2000 మే నెలలో ఆ దోషాన్ని తొలగించిన పిమ్మటనే కారులో జి.పి.ఎస్. నిజంగా పనికివచ్చే వస్తువైనది.

ఈ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ప్రతి ఉపగ్రహంలోను పరమాణు గడియారం ఉంటుంది. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని అది నిరంతరం ప్రకటిస్తుంటుంది. ఆ సంకేతం మన ఫోనును చేరుటకు పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే స్థానం, ఎత్తు, సమయం లెక్కకు వస్తాయి. కాంతి క్షణానికి సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, గడియారంలో క్షణంలో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని అనుసరించి ఆ గడియారాలు భూమి మీది గడియారాల కంటె దినానికి సుమారు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతాయి. ఆ తేడాను ముందుగానే సవరించి ఉంచుతారు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ఉపగ్రహం మనలను చూచుట లేదు. మన ఫోను దానికి ఏమియు పంపుట లేదు. రేడియో వినువాడు ఎవరో ఆకాశవాణికి తెలియనట్లే, మనం ఎక్కడ ఉన్నామో ఉపగ్రహానికి తెలియదు. మన జాడ ఇతరులకు తెలియునది ఫోనులోని ఇంటర్నెట్, మొబైల్ నెట్‌వర్కు వంటి వాని ద్వారానే.

ఇప్పుడు జి.పి.ఎస్. ఒక్కటే లేదు. రష్యాకు గ్లోనాస్, ఐరోపాకు గెలీలియో, చైనాకు బైడూ కలవు. మన దేశానికి నావిక్ కలదు. దాని మొదటి ఉపగ్రహం 2013 జులైలో శ్రీహరికోట నుండి ఎగిరినది. 2016 ఏప్రిల్‌లో ఏడవది కక్ష్య చేరినప్పుడు దానికి నావిక్ అను పేరు పెట్టారు. భారతదేశం, దాని చుట్టూ సుమారు 1,500 కిలోమీటర్ల మేర దాని సేవాప్రాంతం. మొదటి తరం ఉపగ్రహాలలో కొన్నింటి పరమాణు గడియారాలు ఆగిపోయినవి. 2023 మేలో పంపిన ఎన్.వి.ఎస్.-01లో స్వదేశీ గడియారాన్ని అమర్చారు. 2025 జనవరిలో పంపిన ఎన్.వి.ఎస్.-02 నిర్ణీత కక్ష్యను చేరలేకపోయినది. కనుక ఫోను కొనునప్పుడు "నావిక్ ఉన్నదా, జి.పి.ఎస్. ఉన్నదా" అని పోటీ పెట్టరాదు. నేటి ఫోనులు పెక్కు వ్యవస్థల సంకేతాలను కలిపి వింటాయి. ఎన్ని ఎక్కువ వినిపించిన అంత మేలు.

విశాలమైన ఆకాశం క్రింద మంచి ఫోను సుమారు 5 మీటర్ల లోపు తేడాతో స్థానం చెప్పగలదు. ఎత్తైన మేడల మధ్య సంకేతం గోడలకు తగిలి చుట్టు తిరిగి వస్తుంది. అందుచేత తేడా పెరుగుతుంది. ఎల్1, ఎల్5 అను రెండు పౌనఃపున్యాలను స్వీకరించే ఫోనులు 2018 నుండి వచ్చినవి. నగరాలలో అవి కొంత మెరుగు. అయినను హైదరాబాదులో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు గల 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు వంతెన దారిని గమనించండి. పైన పోయే కారు, క్రింద పోయే కారు మ్యాపులో ఒకే గీత మీద ఉంటాయి. ఎత్తును చెప్పుటలో ఈ వ్యవస్థ మరింత బలహీనం. అందుచేత పైన ఉన్నవానికి "ఎడమకు తిరుగుము" అని వినిపించినా ఆశ్చర్యపడనక్కరలేదు.

2. పటం చెప్పునది

ఉపగ్రహం ఇచ్చునది అక్షాంశ రేఖాంశాల అంకెలు మాత్రమే. అక్కడ రోడ్డు ఉన్నదా, కాలువ ఉన్నదా అన్నది పటం చెప్పవలె. ఇక్కడనే నిజమైన ఎంపిక ఉన్నది. 2005లో మొదలైన గూగుల్ మ్యాప్స్ దుకాణాలు, సంస్థల పేర్లలో సంపన్నమైనది. 2018 నుండి తెలుగులో కూడా దారి చెబుతున్నది. 1995లో స్థాపించబడిన మ్యాప్‌మైఇండియా వారి మ్యాపల్స్ మన దేశంలోనే తయారైన పటం. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మించినది. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్‌ఎమ్‌అండ్ వంటి అప్లికేషన్లు దానిని ఇంటర్నెట్ లేకుండా చూపుతాయి. ఒక జిల్లాలో ఒకటి మెరుగైతే మరొక జిల్లాలో మరొకటి మెరుగు. కనుక తాము ఎక్కువగా తిరిగే దారిని రెండింటిలోనూ చూచి, తమకు తెలిసిన రోడ్లు ఎందులో సరిగా ఉన్నవో పోల్చుకొనుటయే సరియైన పరీక్ష.

పేర్ల చిక్కు మరొకటి. రామాపురం, కొత్తపల్లి అను ఊళ్లు మన రెండు రాష్ట్రాలలో అనేకం. 2016లో తెలంగాణలోను, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోను జిల్లాల హద్దులు మారినవి. పాత జిల్లా పేరుతో ఊరిని వెదికినవాడు మరొక ఊరికి చేరవచ్చును. ఊరి పేరుతో పాటు మండలం పేరు కూడా చూచుకొనుట, వీలైతే అక్కడివారి నుండి లొకేషన్ తెప్పించుకొనుట మంచిది. 2025లో తపాలా శాఖ ప్రవేశపెట్టిన పదక్షరాల డిజిపిన్ ఈ చిక్కును తీర్చుటకు చేసిన ప్రయత్నమే. దాని రూపకల్పనలో హైదరాబాదు ఐ.ఐ.టి. పాలుపంచుకొన్నది.

3. దారి నిర్ణయము

రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని కనుగొనే గణిత పద్ధతిని హాలెండు దేశీయుడు డైక్‌స్ట్రా 1959లో ప్రకటించాడు. నేటి యంత్రాలు దానికి వారసులే. ప్రతి రోడ్డు ముక్కకు ఇంత సమయం అని లెక్క వేసి, మొత్తం తక్కువైన దారిని చూపుతాయి. రద్దీ సమాచారం మాత్రం ఉపగ్రహం నుండి రాదు. ఆ దారిన పోతున్న ఇతరుల ఫోనుల నుండి ఇంటర్నెట్ ద్వారా వస్తుంది. పదిమంది తిరిగే దారిలో అది చక్కగా పనిచేస్తుంది. ఎవరూ తిరగని దారిని గురించి దానికి తెలియునది స్వల్పం.

తక్కువ సమయం పట్టే దారి మంచి దారి కావలెనని లేదు. హైదరాబాదు నుండి శ్రీశైలం పోవు దారి మన్ననూరు దాటిన పిమ్మట నల్లమల అడవిలో సాగుతుంది. రాత్రివేళ అటవీశాఖవారు అక్కడ వాహనాలను ఆపివేస్తారు. అడవిలో చాలా దూరం ఫోను సిగ్నల్ ఉండదు. మ్యాపు గీసిన గీతకు గేటు మూసివేసే వేళ తెలియకపోవచ్చును. స్థానికునికి తప్పక తెలుస్తుంది.

4. సాధనాలు, వాని గుణదోషాలు

ఇంటర్నెట్‌తో పనిచేసే ఫోను మ్యాపు మొదటిది. ఇది ఉచితం, రద్దీ చెబుతుంది, ఎప్పటికప్పుడు మారుతుంది. సిగ్నల్ పోయినచోట దారి మార్చవలసి వస్తే చేతులెత్తేస్తుంది.

ముందుగా దించుకొన్న ఆఫ్‌లైన్ మ్యాపు రెండవది. ఉపగ్రహ సంకేతానికి ఇంటర్నెట్ అవసరం లేదు గనుక అడవిలోనూ దారి చూపుతుంది. రద్దీ మాత్రం చెప్పదు. అప్పుడప్పుడు దీనిని కొత్తది చేసుకొనవలె.

కారు అద్దం వద్ద అమర్చే ప్రత్యేక పరికరం మూడవది. గార్మిన్ వంటి సంస్థలు వీటిని తయారుచేస్తున్నవి. పటం అందులోనే ఉంటుంది. ఫోను వచ్చి తెరను కప్పివేయదు, ఫోను బ్యాటరీ ఖర్చు కాదు. కాని డబ్బు ఖర్చు. పటం పాతబడితే అలంకార వస్తువు మాత్రమే.

కారులోనే తయారీదారు అమర్చినది నాలుగవది. చక్రాల వేగాన్ని కూడా లెక్కించగల వ్యవస్థ అయితే, జమ్మూ - శ్రీనగర్ దారిలోని చెనాని - నాశ్రి వంటి తొమ్మిది కిలోమీటర్ల సొరంగంలోనూ స్థానాన్ని అంచనా వేయగలదు. అయితే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ద్వారా కారు తెరపై కనిపించునది చాలవరకు ఫోనులోని మ్యాపే. తెర పెద్దదైనంత మాత్రాన పటం మెరుగుపడదు.

5. ఎవరికి ఏది తగును

నగరంలో రోజూ తిరిగేవారికి ఇంటర్నెట్ మ్యాపు చాలును. జిల్లాలలో, అడవి దారులలో తిరిగేవారు దానికి తోడు ఆఫ్‌లైన్ మ్యాపును తప్పక ఉంచుకొనవలె. దానికి డబ్బు ఖర్చు లేదు. బయలుదేరుటకు ముందు ఇంటివద్ద పది నిమిషాల ఓపిక చాలును. దినమంతా లారీ, టాక్సీ నడిపి బ్రతికేవారికి ఫోను వేడెక్కుట, మాటిమాటికి కాల్స్ వచ్చుట నష్టం గనుక, ప్రత్యేక పరికరం లేదా దారి కొరకే కేటాయించిన రెండవ ఫోను ఉపయోగపడవచ్చును. ద్విచక్ర వాహనంపై వచ్చే విద్యార్థులు తెరను చూడక, బండి ఆపి దారిని చదువుకొని పోవుట శ్రేయస్కరం. శక్తిగల మోటారు సైకిళ్ల కంపనం ఫోను కెమేరాను చెడగొట్టగలదని ఆపిల్ సంస్థయే 2021లో హెచ్చరించినది.

చట్టం మాట కూడా తెలుసుకొనవలె. 2020 అక్టోబరు నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, బండి నడుపునప్పుడు చేతి పరికరాన్ని దారి చూచుటకు మాత్రమే, అదియు ఏకాగ్రత చెడని విధంగా, వాడవచ్చును. చేతిలో పట్టుకొని గమ్యం పేరు టైపు చేయుట ఏకాగ్రత చెడని విధం కానేరదు.

కళాశాల విజ్ఞాన యాత్రల విషయంలో కార్యవర్గం వారికి ఒక సూచన చేయుచున్నాము. బస్సు కదలుటకు ముందు దారిని రెండు మ్యాపులలో పోల్చి, మజిలీల పేర్లు, దూరాలు, ఘాట్ రోడ్ల గేట్ల వేళలు ఒక కాగితం మీద వ్రాసి డ్రైవరుకు ఇవ్వవలె. ఫోను డ్రైవరు చేతిలో గాక, ప్రక్కన కూర్చున్న అధ్యాపకుని చేతిలో ఉండవలె. వర్షాకాలంలో వాగు పొంగినచోట, వంతెన కొత్తగా కనిపించినచోట బస్సు ఆపి అక్కడివారిని అడిగే అధికారం, అందుకు కావలసిన సమయం డ్రైవరుకు ముందుగానే ఇవ్వవలె. ఆలస్యమైనదని అతనిని మందలించరాదు.

ఏ పరికరాన్ని ఎన్నుకొనవలె అన్న ప్రశ్నకు మా సమాధానం ఇది. ఉపగ్రహ సంకేతం అందరికీ ఒకటే, ఉచితమే. కనుక తన ప్రాంతపు పటం సరిగా ఉన్నదానిని, సిగ్నల్ పోయినా పనిచేయుదానిని ఎన్నుకొనవలె. "నీవు ఎక్కడ ఉన్నావు" అని అది చెప్పినప్పుడు చాలవరకు నమ్మవచ్చును. "ఇటు పొమ్ము" అని చెప్పినప్పుడు దానిని ఒక సలహాగా మాత్రమే స్వీకరించవలె. వాహనం ముందున్న రోడ్డును చూచుచున్నది చోదకుని రెండు కళ్లు మాత్రమే. తెర ఒకటి చెప్పి, కళ్లు మరొకటి చెప్పినప్పుడు బ్రేకు వేయవలసిన కాలు తెర మాట వినరాదు.