పాత సిస్టమ్‌లో కొత్త గేమ్ నడుస్తుందా?

"ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. అన్ని గేమ్స్ నడుస్తాయి." సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొనడానికి సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మీ ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర చూసినా దాదాపు ఇదే మాట వినిపిస్తుంది. ఇందులో ప్రతి అంకె నిజమే కావచ్చు. అయినా దీన్నిబట్టి ఏ గేమ్ నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. ఐ5 పేరుతో 2009 నుంచి ప్రాసెసర్లు వస్తూనే ఉన్నాయి. 4 జీబీ కార్డుల్లో గేమ్స్‌కు బొత్తిగా పనికిరానివీ ఉన్నాయి.

పాత సిస్టమ్‌ను పరీక్షించేటప్పుడు రెండు ప్రశ్నలను విడదీసుకోవాలి. ఆ గేమ్ అసలు తెరుచుకుంటుందా? తెరుచుకుంటే ఎంత సాఫీగా నడుస్తుంది? మొదటిదానికి అవును, కాదు తప్ప మధ్య జవాబు లేదు. రెండోదాన్ని సెట్టింగ్స్ తగ్గించి సర్దుకోవచ్చు. చాలామంది రెండోదాంతో మొదలుపెడతారు. ర్యామ్ వేయించి, కార్డు కొన్నాక మొదటి ప్రశ్న దగ్గర ఆగిపోతారు. ఇంట్లో పిల్లలు అడిగారని జీతంలోంచి తీసి ఖర్చుపెట్టే డబ్బు అలా పోకూడదు.

ముందు గేమ్ పేరు రాసుకోండి

"గేమ్స్ ఆడాలి" అంటే చాలదు, ఏ గేమ్ అన్నది తేలాలి. వాలరెంట్‌కు కనీస గ్రాఫిక్స్ ఇంటెల్ హెచ్‌డీ 4000. అది 2012 నాటి ప్రాసెసర్లలోనే ఉండేది. కౌంటర్ స్ట్రైక్ 2కు 8 జీబీ ర్యామ్, 85 జీబీ ఖాళీ కావాలి. ఎల్డెన్ రింగ్ అయితే 12 జీబీ ర్యామ్, ఐ5-8400, జీటీఎక్స్ 1060 అడుగుతుంది. ఈ మూడింటి మధ్య ఉన్న తేడా ఒక కొత్త సిస్టమ్ ఖరీదంత.

కనీస అవసరాల పట్టిక ఈ రోజు ఎలా ఉందో చూడండి. గేమ్ విడుదలైన ఏడాది నాటి వీడియోలను నమ్మొద్దు. సైబర్‌పంక్ 2077 విడుదలైన 2020లో ఐ5-3570కే ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ సరిపోతాయన్నారు. 2023లో అదే గేమ్‌కు కనీసం ఐ7-6700, 12 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కావాలని మార్చారు.

సిస్టమ్‌లో ఏముందో మీరే చూడండి

కీబోర్డుపై కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలో ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయి, డిస్క్ ఎస్‌ఎస్‌డీయా హార్డ్ డిస్కా, గ్రాఫిక్స్ ఏది అన్నీ కనిపిస్తాయి. ఆ పేర్లు కాగితం మీద రాసుకోండి.

ఉదాహరణకు ఆఫీసుల్లో వాడి తీసేసిన సిస్టమ్ ఒకటి తీసుకుందాం. ఐ5-4590, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 500 జీబీ హార్డ్ డిస్క్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఐ5 తర్వాత వచ్చే 4 దాని తరాన్ని చెబుతుంది. అది నాలుగో తరం, 2014 నాటిది. ఐ3, ఐ5, ఐ7 అన్న అంకె కన్నా ఈ తరం అంకె ఎక్కువ విషయం చెబుతుంది. పన్నెండో తరం ఐ3-12100 రెండో తరం ఐ7-2600ను సులువుగా మించిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో జీబీ లెక్క మరీ మోసం చేస్తుంది. డీడీఆర్3 మెమరీతో వచ్చిన జీటీ 730లో 4 జీబీ రకం ఉంది. జీటీఎక్స్ 1050 టీఐలోనూ 4 జీబీయే. కానీ మొదటిది సెకనుకు 30 జీబీ సమాచారం కూడా అందించలేదు, రెండోది 112 జీబీ అందిస్తుంది. మేడ మీద ట్యాంకు ఎంత పెద్దదైనా గొట్టం సన్నదైతే కుళాయిలో ధార అంతే వస్తుంది. కార్డు మోడల్ పూర్తి పేరు తెలియకుండా పైసా ఇవ్వొద్దు. పాత జీటీఎస్ 450 కార్డుల్లో సాఫ్ట్‌వేర్ మార్చి 1050 టీఐ అని అమ్మినవి కూడా మార్కెట్లో తిరిగాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ అలాంటివాటిని చాలావరకు పట్టుకుని, పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది.

గేమ్ తెరుచుకుంటుందా?

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో డి, ఎక్స్, డి, ఐ, ఏ, జి అనే ఆరు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. మొదటి పేజీలో డైరెక్ట్‌ఎక్స్ 12 అని కనబడగానే సంబరపడొద్దు. అది విండోస్‌లో ఉన్న, గేమ్‌నూ కార్డునూ కలిపే సాఫ్ట్‌వేర్ సంగతి. మీ కార్డు స్థాయి డిస్‌ప్లే పేజీలో, ఫీచర్ లెవెల్స్ అన్న వరసలో ఉంటుంది. జీటీఎక్స్ 750 టీఐలో అది 11.0 దగ్గరే ఆగుతుంది, 1050 టీఐలో 12.1 వరకు ఉంటుంది. గేమ్ 12.0 అడుగుతుంటే 11.0 కార్డు మీద అది నడుస్తుందని లెక్క వేసుకోవద్దు.

వెలుతురు కిరణాల దారిని లెక్కగట్టి దృశ్యాన్ని గీసే రే ట్రేసింగ్ గడప ఇంకా కఠినం. 2024లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, 2025 నాటి డూమ్: ద డార్క్ ఏజెస్ రెండింటికీ రే ట్రేసింగ్ చేయగల కార్డు తప్పనిసరి. వేగం ఎంతున్నా జీటీఎక్స్ 1080 టీఐ వాటి జాబితాలోకి రాదు.

ప్రాసెసర్‌కూ ఇలాంటి గడప ఉంది. కొన్ని కొత్త గేమ్స్‌కు ఏవీఎక్స్2 అనే సూచనల సమితి కావాలి. ఇంటెల్‌లో అది 2013 నాటి నాలుగో తరంతో వచ్చింది. కాబట్టి మన 4590 గట్టెక్కింది, మూడో తరం ఐ7 గట్టెక్కదు. అదే నాలుగో తరానికి చెందిన పెంటియంలలో మాత్రం ఏవీఎక్స్2 లేదు.

విండోస్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. 2024 జనవరి 1 నుంచి స్టీమ్ విండోస్ 7, 8లకు మద్దతు ఆపేసింది. విండోస్ 11 మీద వాలరెంట్‌కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ కావాలి. బ్యాటిల్‌ఫీల్డ్ 6కు సెక్యూర్ బూట్ తప్పదు. ఆన్‌లైన్ పోటీ గేమ్ అయితే వీటి సంగతి ముందే కనుక్కోండి.

ఎంత సాఫీగా నడుస్తుంది?

సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమును సిస్టమ్ 16.7 మిల్లీసెకన్లలో గీయాలి. 30 చాలనుకుంటే 33.3 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. 1920×1080 తెరలో 20.7 లక్షల చుక్కలుంటాయి, 1280×720లో 9.2 లక్షలే. అంటే రిజల్యూషన్ తగ్గిస్తే గ్రాఫిక్స్ కార్డు పని సగానికి పైగా తగ్గుతుంది. ప్రాసెసర్ పని మాత్రం దాదాపు అంతే ఉంటుంది.

ఈ తేడాయే మీ చేతిలో ఉన్న గొప్ప పరీక్ష. డబ్బు పెట్టక్కర్లేని ఒక గేమ్‌ను, ఉదాహరణకు కౌంటర్ స్ట్రైక్ 2ను, మామూలు రిజల్యూషన్‌లో పెట్టి ఫ్రేములు చూడండి. తర్వాత 720కి దించి మళ్లీ చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డు. అక్కడే ఉండిపోతే ఆపుతున్నది ప్రాసెసర్ లేదా ర్యామ్, అప్పుడు ఎంత ఖరీదైన కార్డు వేసినా లాభం లేదు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 60 శాతమే చూపిస్తోందని ధీమా వద్దు. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకోండి. వాటిలో ఒకటి నూరు శాతం దగ్గర నిలబడి ఉంటే ఆ ఒక్కటే గేమ్‌ను ఆపుతుండొచ్చు.

పరీక్ష రెండు నిమిషాల్లో ముగించొద్దు. కనీసం ఇరవై నిమిషాలు నడవనివ్వండి. మొదట్లో 3.5 గిగాహెర్ట్జ్ చూపిన ప్రాసెసర్ కాసేపటికి 2కు పడిపోతే అది వేడి సమస్య. దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చితే చాలాసార్లు పోతుంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే చూడండి. దాదాపు ఏ ల్యాప్‌టాప్‌లోనూ గ్రాఫిక్స్ చిప్ మార్చలేరు కాబట్టి అక్కడ వచ్చిన ఫలితమే ఖాయం.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

మన 4590కు మొదట మరో 8 జీబీ స్టిక్ వేయాలి. రెండు స్టిక్‌లు జంటగా పనిచేస్తే మెమరీ వేగం పెరుగుతుంది. సొంత మెమరీ లేని గ్రాఫిక్స్‌కు అది బాగా కలిసొస్తుంది. తర్వాత సాటా ఎస్‌ఎస్‌డీ. అది ఫ్రేములను పెంచదు గానీ, లోడింగ్ నిరీక్షణనూ మధ్యమధ్య ఆగే కుదుపులనూ తగ్గిస్తుంది.

కార్డు కొనేముందు క్యాబినెట్ తెరిచి, సిస్టమ్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీద వాట్లు చదవండి. చిన్న ఆఫీసు సిస్టమ్‌లలో అది 250 వాట్ల ప్రాంతంలో ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు విడి కరెంటు తీగ కూడా ఉండదు. 1050 టీఐ, జీటీఎక్స్ 1650లలో 75 వాట్లతో స్లాట్ నుంచే కరెంటు తీసుకునే రకాలున్నాయి. క్యాబినెట్ సన్నదైతే పొట్టి బ్రాకెట్ ఉన్న కార్డే పడుతుంది. కొలత తీసుకునే కొనండి.

ఇవన్నీ వేశాక ఆ సిస్టమ్ మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5 హాయిగా ఆడుకోవచ్చు. సైబర్‌పంక్‌కు 720, లో సెట్టింగ్స్ పెట్టినా నగరంలో జనం మధ్యకు వెళ్లగానే నాలుగు కోర్లు తడబడతాయి. ఏదైనా గేమ్‌పై అనుమానం మిగిలితే స్టీమ్‌లో కొని పరీక్షించండి. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. మీరు రాసుకున్న గేమ్‌కు రే ట్రేసింగ్ తప్పనిసరి అయితే మాత్రం ఈ సిస్టమ్‌పై ర్యామ్ కూడా కొనొద్దు. ఆ డబ్బు వేరే సిస్టమ్ కోసం దాచండి.