కూడికలతో గొంతు నాడి పట్టడం

రాయదుర్గం మెట్రో స్టేషన్ బయట, ట్రాఫిక్ పక్కన నిలబడి మాట్లాడినా మన మాట ఫోన్‌లో అవతలివారికి అందుతోందంటే నడుమ చాలా లెక్క జరుగుతోంది. మైకు అందుకున్న గాలి కదలికను ఫోను అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల మీదే రొదను తగ్గిస్తుంది, ప్రతిధ్వనిని తీసేస్తుంది, మాటను కుదించి పంపుతుంది. ఇదంతా డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్. లెక్కలన్నీ చిప్పు లోపల జరిగిపోతాయి కాబట్టి అవి మనకు అంతుపట్టనివని అనుకుంటాం. నిజానికి వాటిలో కొన్ని హైస్కూలు పిల్లలకు కూడా అందేవే. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆచార్యులు బి. యజ్ఞనారాయణ, కె. శ్రీరామమూర్తితో కలిసి 2008లో ప్రచురించిన జీరో ఫ్రీక్వెన్సీ ఫిల్టరింగ్ అలాంటిదే. కూడిక, తీసివేత, సగటు తెలిస్తే చాలు, దీన్ని ఇంట్లోనే చేసి చూడవచ్చు.

ఏం వెతుకుతున్నాం?

మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అవి టక్కున మూసుకున్న క్షణంలోనే ధ్వనికి అసలు బలం వస్తుంది. ఆ క్షణాన్ని ఎపోక్ అంటారు. దాన్ని గుడిగంటకు తగిలే దెబ్బ అనుకుంటే, ఆ తర్వాత సాగే మోత నోరూ ముక్కూ కలిపి ఇచ్చేది. మన చెవికి చేరేది మోత, మనం వెతికేది దెబ్బ.

ఈ పద్ధతిలోని ఊహ ఇక్కడే ఉంది. క్షణకాలపు దెబ్బ శక్తి సున్నా ఫ్రీక్వెన్సీతో సహా అన్ని ఫ్రీక్వెన్సీలకూ పరుచుకుంటుంది. నోటి మోత మాత్రం సాధారణంగా 300 హెర్ట్జ్‌లకు పైనే బలంగా ఉంటుంది. కాబట్టి సున్నా దగ్గర చూస్తే మోత అడ్డు రాదు, దెబ్బ జాడ మిగులుతుంది.

కావలసినవి

ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, పైథాన్, అందులో నంపై లైబ్రరీ. రికార్డింగ్ సెకనుకు 16,000 శాంపిళ్లతో, 16 బిట్ల వేవ్ ఫైలుగా ఉండాలి. అప్పుడు ప్రతి శాంపిలూ −32,768 నుంచి 32,767 లోపు ఒక అంకె అవుతుంది. ఫోన్ కాల్ రికార్డింగ్ వద్దు. పాతకాలపు టెలిఫోన్ లైను 300 హెర్ట్జ్‌ల కింది భాగాన్ని కోసేస్తుంది, మనకు కావలసింది ఆ కింది భాగమే. బస్సు ఇంజిను గుర్రుమనే చోటా వద్దు. ఆ హోరు కూడా కిందనే ఉంటుంది.

1. తేడాలు తీయడం

రెండు మూడు సెకన్లు "ఆ" అని పలికి రికార్డు చేయండి. ప్రతి శాంపిల్ నుంచి దాని ముందు శాంపిల్‌ను తీసేయండి. మైకు వల్ల అంకెలన్నీ ఒక పక్కకు ఒరిగి ఉంటే ఆ ఒరుగు దీంతో పోతుంది.

2. నాలుగుసార్లు కూడటం

ప్రతి అంకెకూ అంతవరకు వచ్చిన మొత్తాన్ని కలుపుతూ పోండి. 3, 5, −2 అనే వరుస 3, 8, 6 అవుతుంది. వచ్చిన వరుసను మళ్ళీ అలాగే కూడండి. ఇలా మొత్తం నాలుగుసార్లు. రెండు కూడికలు కలిస్తే ఒక జీరో ఫ్రీక్వెన్సీ రెజొనేటర్, దాన్ని రెండుసార్లు వాడుతున్నామన్నమాట. వేగంగా ఊగే భాగాలు కూడికలో ఒకదాన్నొకటి కొట్టేసుకుని అణగిపోతాయి, నిదానమైనవి పెరుగుతాయి. ఫలితాలు చాలా పెద్దవవుతాయి కాబట్టి 64 బిట్ల దశాంశ సంఖ్యలే వాడండి.

3. వాలు తీసేయడం

ఇప్పుడు గీత గీస్తే కొండెక్కినట్టు ఒకే వంపు కనిపిస్తుంది, గొంతు జాడ ఉండదు. నిరాశ పడకండి, జాడ ఆ వంపు మీదే సన్నగా ఉంది. ప్రతి అంకె నుంచి దాని చుట్టుపక్కల సగటును తీసేయండి: ముందు 80, వెనుక 80, తనతో కలిపి 161 శాంపిళ్లు, అంటే సుమారు 10 మిల్లీసెకన్లు. గీత సున్నా చుట్టూ ఊగేదాకా రెండు మూడుసార్లు ఇదే చేయండి.

శ్రద్ధ పెట్టాల్సింది సగటుకు తీసుకునే ఈ ముక్క, అంటే కిటికీ, వెడల్పు మీదే. అది స్వరతంత్రులు ఒకసారి మూసుకుని మళ్ళీ మూసుకునే వ్యవధికి ఒకటి నుంచి రెండు రెట్లు ఉండాలి. మగ గొంతుకు 10 మిల్లీసెకన్లు సరిపోతుంది. ఆడవారి, పిల్లల గొంతుకు తగ్గించాలి. ఫైలు మొదట్లో, చివర్లో సగటు సరిగా రాదు కనుక అక్కడి ముక్కలు వదిలేయండి.

4. ఎపోక్‌లు గుర్తించడం

గీత కింది నుంచి పైకి సున్నాను దాటే ప్రతి చోటూ ఒక ఎపోక్. కొన్ని మైకులు అంకెల గుర్తును తలకిందులు చేస్తాయి. పైకి దాటేటప్పటి కంటే కిందికి దాటేటప్పుడు గీత నిటారుగా ఉంటే, రికార్డింగ్‌లోని అసలు అంకెలన్నిటినీ −1తో గుణించి మళ్ళీ మొదలుపెట్టండి.

5. శ్రుతి లెక్క

రెండు ఎపోక్‌ల నడుమ 128 శాంపిళ్లు ఉంటే 8 మిల్లీసెకన్లు, అంటే ఆ క్షణంలో గొంతు శ్రుతి 125 హెర్ట్జ్‌లు. సాగదీసి పలికిన "ఆ"లో ఈ దూరాలు దాదాపు సమానంగా రావాలి. పరిశోధకులైతే మెడ మీద ఎలక్ట్రోడ్లు పెట్టి స్వరతంత్రుల కదలికను కొలిచే ఎలక్ట్రోగ్లాటోగ్రాఫ్‌తో సరిచూసుకుంటారు.

6. తెలుగు మాటతో పరీక్ష

"పాప", "బాబు" విడివిడిగా, స్పష్టంగా పలికి రికార్డు చేయండి. "బాబు" మధ్యలో పెదవులు మూసి ఉన్నప్పుడు కూడా ఎపోక్‌లు క్రమంగా సాగుతాయి. "పాప" మధ్యలో ఆ క్రమం తెగుతుంది, అక్కడ కనిపించే అడ్డదిడ్డమైన దాటింపులను లెక్కలోకి తీసుకోవద్దు. వ్యాకరణం పరుషాలు, సరళాలు అని విడదీసిన అక్షరాల తేడాను ఇలా అంకెల్లో చూడవచ్చు.

ఎపోక్‌లు తెలిస్తే శ్రుతి మారకుండా మాటను సాగదీయవచ్చు, వేగం మారకుండా శ్రుతిని పెంచవచ్చు. రాతను చదివి వినిపించే వ్యవస్థలకూ, గొంతులో భావోద్వేగాన్ని, జబ్బు లక్షణాలను పరిశీలించే పరిశోధనకూ ఇవి ఆధారం. నేడు ఈ పనుల్లో చాలావరకు వేల గంటల ధ్వనితో శిక్షణ పొందిన మోడళ్లు చేస్తున్నాయి. అవి అవసరమే. కానీ ఐటీ కారిడార్‌లో ఆడియో ఉద్యోగం కోరుకునే విద్యార్థి ముందు ఇలాంటి లెక్కను చేత్తో చేయాలని నా గట్టి నమ్మకం. ఏ అడుగులో ఏం పోయిందో, ఏం మిగిలిందో ఇక్కడ కళ్ళతో చూడవచ్చు. ఆ అలవాటున్న ఇంజినీరే రేపు పెద్ద మోడల్ తప్పు చేసినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుసుకుంటాడు.