రాలే ఆకుల రంగుల వెంట: ఎలియట్ పోర్టర్

మన హాస్టల్ వంటశాల వెనక ఉన్న బాదం చెట్టు పాత విద్యార్థులందరికీ గుర్తుండే ఉంటుంది. సంక్రాంతి సెలవులు అయిపోయి, ట్రంకు పెట్టెలు మోసుకుంటూ తిరిగి వచ్చేసరికి దాని ఆకులు ఒకటొకటిగా ఎర్రబడి ఉండేవి. అరచేతికన్నా వెడల్పైన ఆకులు. పొద్దున ప్రార్థనకు ముందు వాటిని ఊడ్చే వంతు ఎవరిదన్న దాని మీద మేము పడిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. ఆ ఆకు ఎందుకు ఎర్రబడుతుందని మాత్రం అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. పీజీలో ఆకుల రంగుల మీద సెమినారు చెప్పవలసి వచ్చినప్పుడే ఆ ప్రశ్న మా ముందుకు వచ్చింది. ఆ సెమినారు కోసం వెతుకుతుంటే తెలిసిన మనిషి ఎలియట్ పోర్టర్. మేము ఊడ్చి పారేసిన చెత్తను ఆయన దాదాపు యాభై ఏళ్ళపాటు వెతుక్కుంటూ తిరిగి ఫొటోలు తీశాడు.

పోర్టర్ 1901లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో పుట్టాడు. చిన్నప్పుడే చేతికి పెట్టె కెమెరా వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగు చదివి, తర్వాత అక్కడే 1929లో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. రోగులను చూడలేదు, అదే చోట పరిశోధన, బోధన చేస్తూ ఉండిపోయాడు. సెలవు రోజుల్లో పక్షులను, చెట్లను నలుపు తెలుపులో ఫొటోలు తీసేవాడు. న్యూయార్కులో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అనే పేరుమోసిన ఫొటోగ్రాఫరు వాటిని చూసి, 1938 డిసెంబరులో తన గ్యాలరీలో ప్రదర్శన పెట్టాడు. ఆ మరుసటి ఏడాదే పోర్టర్ హార్వర్డ్ ఉద్యోగం వదిలేశాడు.

రంగుల వైపు ఆయన్ను తిప్పినది పక్షులు. పక్షుల పుస్తకం వేద్దామని ఒక ప్రచురణకర్త దగ్గరకు వెళితే, నలుపు తెలుపులో ఏ పక్షి ఏదో పోల్చుకోలేమని చెప్పి తిప్పి పంపారట. అప్పటికి కోడాక్ కంపెనీవారి కోడాక్రోమ్ అనే రంగు ఫిలిం వచ్చి నాలుగైదేళ్ళే అయింది. ఆ రోజుల్లో ఫొటోగ్రఫీని కళగా చూసేవాళ్ళకు రంగు అంటే చిన్నచూపు. అది వ్యాపార ప్రకటనలకు, క్యాలెండర్లకు పనికి వచ్చేదే తప్ప కళకు నలుపు తెలుపే అని వాళ్ళ నమ్మకం. పోర్టర్ ఆ మాట వినలేదు. పక్షుల కోసం పట్టుకున్న రంగు ఫిలింతోనే ఆకుల దగ్గరకు వచ్చాడు.

ఆయన ఫొటో ఒకటి చాలా పేరు పొందింది. 1953 అక్టోబరు 4న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో పాండ్ బ్రూక్ అనే వాగు దగ్గర తీసినది. అందులో కొండ లేదు, ఆకాశం అంచు లేదు. వాగు మడుగులో రాలి తేలుతున్న ఆకులు, అంతే. మామూలుగా ఆకురాలు కాలం ఫొటో అనగానే నిప్పంటుకున్నట్టున్న కొండ మొత్తాన్ని చూపిస్తారు. పోర్టర్ ఎక్కువగా తల వంచి, కాళ్ళ దగ్గరి నేలను చూశాడు. ఎండ మిలమిలలాడే వేళ కాకుండా మబ్బు పట్టినప్పుడు, నీడలు గట్టిగా పడనప్పుడు తీయడం ఆయనకు ఇష్టం. ఎండలో ఆకు మీది మెరుపే కంటికి కనిపిస్తుంది, మబ్బులో ఆకు అసలు రంగు కనిపిస్తుంది. అనుమానం ఉన్నవాళ్ళు వాన వెలిసిన వెంటనే ఏ ఆకునైనా చూడవచ్చు.

ఇక ఆ రంగుల సంగతి. ఆకు పచ్చగా ఉండడానికి కారణం పత్రహరితమని ఆరో తరగతి నుంచీ చదువుతున్నాం. ఆకులో దానితోపాటు కెరోటినాయిడ్లు అనే పసుపు, నారింజ రంగు పదార్థాలు కూడా మొదటినుంచీ ఉంటాయి. పత్రహరితం ఎక్కువగా ఉండడం వల్ల అవి పైకి కనిపించవు. చలిదేశాల్లో సెప్టెంబరు వచ్చి పగళ్ళు పొట్టిబడి రాత్రులు చల్లబడగానే, చెట్టు పత్రహరితాన్ని విడగొట్టి, ఆకుల్లోని నత్రజని వంటి విలువైన సరుకును కొమ్మలోకి వెనక్కి లాగేసుకుంటుంది. ఇల్లు ఖాళీ చేసేముందు సామాను సర్దుకున్నట్టు. పచ్చదనం పోగానే అంతవరకూ దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. భూర్జ వృక్షాలు, ఆస్పెన్ చెట్లు పసుపు పచ్చగా మారేది ఇందుకే.

ఎరుపు కథ వేరు. చాలా చెట్లలో ఆకును ఎర్రగా మార్చే ఆంథోసయనిన్లు ముందునుంచీ ఉండవు. తొడిమ మొదట్లో బెండులాంటి పొర ఏర్పడి దారి మూసుకుపోతున్నప్పుడు, ఆకులో మిగిలిన చక్కెరల నుంచి చెట్టు వాటిని కొత్తగా తయారు చేస్తుంది. ఇంకొన్నాళ్ళలో రాలిపోయే ఆకు కోసం చెట్టు ఇంత ఖర్చు ఎందుకు పెడుతుంది? మాకు సెమినారులో అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే. పోషకాలను వెనక్కి లాగుకునేంతవరకు ఎండ దెబ్బ నుంచి ఆకును కాపాడడానికని కొందరంటారు. ఆంగ్ల జీవశాస్త్రవేత్త డబ్ల్యూ. డి. హామిల్టన్ తన సహచరుడితో కలిసి రాయగా, ఆయన మరణానంతరం 2001లో వెలువడిన వ్యాసం ఇంకో మాట చెప్పింది: ఆ రంగు పురుగులకు చెట్టు చేసే హెచ్చరిక, నేను బలంగా ఉన్నాను, నా మీద గుడ్లు పెట్టవద్దని. ఈ వాదన ఇంకా తెగలేదు.

పగలు మంచి ఎండ కాసి, రాత్రి గడ్డకట్టనంత చలి వేస్తే ఎరుపు బాగా వస్తుంది. వరుసగా మబ్బు పట్టినా, ముందుగానే గట్టి మంచు పడినా చప్పబడుతుంది. గట్టి గాలివాన వస్తే ఒక్క రాత్రిలో అన్నీ రాలిపోతాయి. అంటే ఒక చోట మంచి రంగు ఉండేది కొద్ది రోజులు మాత్రమే. పైగా ఉత్తరాన, ఎత్తైన చోట్ల ముందుగా మొదలై మెల్లగా దక్షిణానికి, పల్లానికి దిగుతుంది. వెంటపడడం అన్నది అందుకే. పోర్టర్ వాడినది పెద్ద కెమెరా. ముక్కాలి పీట మీద నిలబెట్టి, ఒక్కొక్కటి 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు ఉండే ఫిలిం రేకు పెట్టి తీయాలి. ఈ ఏడాది తప్పితే మళ్ళీ ఏడాదే.

ఫొటో తీశాక ఇంకో సగం పని ఉండేది. ఆయన కాగితం మీద రంగులు దింపడానికి వాడిన పద్ధతిని డై ట్రాన్స్‌ఫర్ అంటారు. ఒక రంగు ఫిలిం నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలి ఫిల్టర్ల ద్వారా మూడు నెగెటివ్‌లు తీయాలి. వాటి నుంచి మూడు జెలటిన్ అచ్చులు చేసి, ఒకదాన్ని నీలి ఆకుపచ్చలో, ఒకదాన్ని మెజెంటాలో, ఒకదాన్ని పసుపులో ముంచి, ఒకే కాగితం మీద వెంట్రుకవాసి కూడా జరగకుండా ఒకదాని మీద ఒకటి అద్దాలి. మన పెడన కలంకారీ అద్దకంలో ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు వాడతారు కదా, అలాంటిదే. ఒక్క ఫొటోకు రోజులు పట్టేది. కెమికల్ ఇంజనీరింగు చదువు ఆయనకు ఇక్కడ పనికి వచ్చింది.

ఇంత చేసినా ఆకుల ఫొటోలు పుస్తకంగా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ ఫొటోలు చూస్తుంటే థోరో రచనలు గుర్తుకొస్తున్నాయని 1950ల మొదట్లో ఆయన భార్య ఎలీన్ అన్నది. అప్పటి నుంచి థోరో మాటలకు జోడీ కుదిరే ఫొటోలు తీస్తూ పోయాడు. చాలామంది ప్రచురణకర్తలు వద్దన్నారు. చివరికి థోరో చనిపోయి నూరేళ్ళయిన 1962లో సియెర్రా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ ‘ఇన్ వైల్డ్‌నెస్ ఈజ్ ది ప్రిజర్వేషన్ ఆఫ్ ది వరల్డ్’ పేరుతో ప్రచురించింది. 1979లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన రంగు ఫొటోలు 55తో ప్రదర్శన పెట్టింది. ఒకే ఫొటోగ్రాఫరు రంగు చిత్రాలకు ఆ మ్యూజియం అలా చోటివ్వడం అదే మొదలు. అప్పటికి ఆయన వయసు 77.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఒక వార్షికోత్సవానికి వచ్చిన అతిథి ఒకరు, మనసుకు నచ్చింది చేయండి, అన్నం దానంతట అదే వస్తుంది అని మాతో అన్నారు. పోర్టర్ కథను కూడా అలా చెప్పవచ్చు: ఉద్యోగం వదిలాడు, గొప్పవాడయ్యాడు అని. ఆయనది బాగా ఉన్న కుటుంబం. మెయిన్ రాష్ట్రం సముద్రంలో వాళ్ళకు సొంతంగా ఒక దీవే ఉండేది. మాలో చాలామంది ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. నెల జీతం కోసం ఇంట్లో ఎదురుచూసే కళ్ళున్నాయి. కాబట్టి ఆయన ఉద్యోగం వదలడాన్ని చూసి తమ్ముళ్ళెవరూ బీఈడీ సీటు వదులుకోవద్దు. అయితే, వాగు మడుగు ముందు తల వంచి నిలబడడానికి దీవి అక్కరలేదు. ఆయన ఎంచుకున్నది గజం నేల. అది మనకూ ఉంది.

ఇంకొకటి కూడా ఆయన దగ్గర నుంచి ఊరకే తీసుకోవచ్చు. పోర్టర్ ఫొటోల పేర్లలో చాలావరకు చోటు, తేదీ ఉంటాయి. థోరో కూడా అంతే. 1862లో, తాను చనిపోయిన కొన్ని నెలలకు అచ్చయిన ఆకుల రంగుల వ్యాసంలో, సెప్టెంబరు 25 నాటికి ఎర్ర మేపుల్ పండడం మొదలవుతుందని తేదీ వేసి రాశాడు. ఆకు వాడిపోవడం లేదు, పండు లాగా పండుతోందని ఆయన చూపు. మన తెలుగులోనూ పండుటాకు అనే అంటాం కదా! ఆయన నోటు పుస్తకాల్లో చెట్లు చిగురించిన రోజులు, పూలు పూసిన రోజులు కూడా ఉన్నాయి. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ప్రిమాక్, ఆయన సహచరులు ఈ శతాబ్దంలో అదే ఊళ్ళో మళ్ళీ చూసి, థోరో కాలం కన్నా ఇప్పుడు పూలూ చిగుళ్ళూ ముందే వస్తున్నాయని తేల్చారు. వేడెక్కుతున్న వాతావరణానికి అదొక సాక్ష్యమైంది.

మన దగ్గర సంగతికి వద్దాం. అమెరికాలో ఉన్న మన సీనియర్ అన్నలు అక్టోబరు రాగానే ఎర్రటి చెట్ల కింద నిలబడి ఫొటోలు పంపుతుంటారు. అక్కడి ఆ కాలాన్ని శరదృతువు అని అనువదిస్తుంటాం. నెలలు చూస్తే సరిపోతుంది. కానీ మన శరత్తు వెన్నెలకు పేరు. మనకు ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అక్కడ చలికి భయపడి రాలుస్తాయి, ఇక్కడ నీటి ఎద్దడికి. ఎరుపు కూడా మన దగ్గర ఎక్కువగా చివర్లో కాదు, మొదట్లో కనిపిస్తుంది: మామిడి లేతాకు, రావి చిగురు రాగి రంగులో ఉండేది చూశాం. మామిడి లేతాకులోనూ ఉన్నది ఆంథోసయనిన్లే. రాలబోయే ముందు ఇంత బాగా ఎర్రబడేది మన ఊళ్ళలో బాదమే.

పసుపు దాగి ఉంటుందన్న మాట నమ్మనివాళ్ళు ఇది చేసి చూడండి. పచ్చి బాదం ఆకును సన్నగా తుంచి, గాజు గ్లాసులో వేసి, మునిగేలా కొద్దిగా స్పిరిట్ పోసి నలపాలి. ఆ గ్లాసును వేడినీళ్ళ గిన్నెలో పెట్టాలి. దగ్గరలో మంట ఏదీ ఉండకూడదు, సైన్సు మాస్టారు పక్కన ఉండాలి. స్పిరిట్ ముదురు ఆకుపచ్చగా మారాక తెల్ల చాక్‌పీసును అందులో నిలబెట్టాలి. గంటలోపు రంగు పైకి పాకుతుంది. పచ్చటి పట్టీ ఒకటి, దాని పైన పలుచగా పసుపు పట్టీ ఒకటి కనిపిస్తాయి. ఆ పసుపు ఆకులో ఎప్పుడూ ఉన్నదే.

మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం కింద బడి పిల్లలు కూడా వారానికొకసారి ఒక చెట్టును చూసి చిగురు, పూత, కాయ రాసి పంపుతున్నారు. మన బాదం చెట్టుకు ఇప్పటివరకు ఒక్క తేదీ కూడా రాసిలేదు. మేము మొన్న వచ్చినప్పుడు 200 పేజీల నోటు పుస్తకం ఒకటి కొని, స్టడీ అవర్ గదిలో నల్లబల్ల పక్క మేకుకు దారం కట్టి వేలాడదీసి వచ్చాము. మొదటి పేజీలో గళ్ళు గీసి ఉన్నాయి: తేదీ, మొదటి ఎర్ర ఆకు, సగం చెట్టు, మొత్తం రాలిన రోజు, మొదటి చిగురు, చూసినవారి పేరు, తరగతి. ఊడ్చే వంతు ఎవరిదైతే వారే రాయాలి.