మన అపార్ట్‌మెంటును ఎవరు తనిఖీ చేస్తారు?



డెల్టా పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్ళకు తాటాకు ఇళ్ళ నాటి వేసవి గుర్తుండే ఉంటుంది. గాలి లేవక ముందే వంట ముగించి, పొయ్యిలో నిప్పు మీద నీళ్ళు చల్లి గాని ఆడవాళ్ళు ఇల్లు కదిలేవారు కాదు. ఒక ఇల్లు అంటుకుంటే వీధంతా పోతుందని అందరికీ తెలుసు. తనిఖీకి ఏ అధికారీ వచ్చేవాడు కాదు. ఊరే తనిఖీ చేసుకునేది.

ఆ కుటుంబాల పిల్లలు ఇప్పుడు రాజమహేంద్రవరంలోనో, భీమవరం, తణుకు, అమలాపురాల్లోనో అపార్ట్‌మెంట్లలో ఉంటున్నారు. "సిమెంటు గోడ అంటుకుంటుందా ఏమిటి?" అనే ధీమా చాలామందిలో ఉంది. గోడ అంటుకోదు, నిజమే. కాని పరుపులు, సోఫాలోని స్పాంజి, కర్టెన్లు, కింద వరుసగా నిలిపిన స్కూటర్లు అంటుకుంటాయి. ఇంకో తేడా కూడా ఉంది. తాటాకు ఇంట్లో పొగ కప్పులోంచి బయటికి పోయేది, మనుషులు ఒక్క అంగలో వాకిట్లో పడేవారు. సిమెంటు ఇంట్లో పొగ ఎక్కడికీ పోదు. మనం వాకిట్లోకి రావాలంటే నాలుగు అంతస్తులు దిగాలి.

అధికారులు వచ్చి చూడరా?

కొన్నిటిని చూస్తారు. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక చట్టం 1999లో వచ్చింది. దాని ప్రకారం 18 మీటర్ల ఎత్తు దాటిన నివాస భవనాలకు, 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి. బడులు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, ప్రార్థనా మందిరాల వంటి జనం గుమిగూడే చోట్లకు హద్దు ఇంకా తక్కువ. స్థలం 500 చదరపు మీటర్లు మించినా, భవనం ఎత్తు 6 మీటర్లు ఉన్నా అవి చట్టం కిందికి వస్తాయి. మన మందిరాలు, సంఘ హాళ్ళు చాలావరకు ఇందులో పడతాయన్న సంగతి కమిటీ పెద్దలు గమనించాలి.

మరి మన అపార్ట్‌మెంట్లు? గోదావరి పట్టణాల్లో ఎక్కువగా కనిపించేది కింద పార్కింగ్, పైన నాలుగైదు అంతస్తుల కట్టడం. వీటిలో చాలా భాగం ఆ 18 మీటర్ల గీతకు లోపలే ఆగిపోతాయి. అంటే మనం ఉంటున్న భవనాన్ని నిప్పు కోణం నుండి ఏ అధికారీ ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. ఇది అధికారుల తప్పని నేను అనడం లేదు. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. కాని 17 మీటర్ల భవనంలో పొగ తక్కువగా ఉంటుందని ఎవరూ అనుకోకూడదు.

హైదరాబాదులో జరిగిన మూడు సంగతులు

2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక మామూలు అపార్ట్‌మెంటు అంటుకుంది. కింది భాగంలో రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉంచారు. మంట పుట్టింది కింద. చనిపోయినవారు మాత్రం పై అంతస్తుల్లో కాపురం ఉంటున్నవారు. కనీసం 9 మంది పోయారు. కొందరిని అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి కిటికీల్లోంచి దించారు.

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంట లేచింది. పొగ మెట్ల మీదుగా పైకి పాకి, గదుల్లో ఉన్నవారిలో 8 మందిని బలి తీసుకుంది.

2025 మే 18 ఆదివారం ఉదయం చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇల్లు. 17 మంది చనిపోయారు, అందరూ ఒకే కుటుంబానికి, వారి బంధువులకు చెందినవారు. అందులో 8 మంది పిల్లలు. ఆ ఇంటికి ఉన్నది ఒక్క ఇరుకు దారి, ఒక్క మెట్ల వరుస.

మూడింటిలోనూ కనిపించేది ఒక్కటే. మంట అందరి దగ్గరికీ రాలేదు, పొగ వచ్చింది. మెట్ల గది ఇటుక బట్టీ గొట్టం లాంటిది. కింద ఏది కాలినా పొగ దానిలోంచే పైకి లేస్తుంది. మనం దిగాల్సిన దారీ అదే.

పొగ మనిషిని ఏం చేస్తుంది?

కాలే వస్తువుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు ఈ వాయువు, ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తలనొప్పి, తికమక, తరువాత మత్తు. నిద్రలో ఉన్నవారు లేవకుండానే పోతారు. తలుపు ఎటువైపు ఉందో తెలియక మంచం పక్కనే పడిపోయేవారు కూడా ఇందువల్లనే.

కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్ళలో వేలికి పెట్టుకునే చిన్న మిషను కొన్నారు. పొగ పీల్చినవారికి దాన్ని పెట్టి, "98 చూపిస్తోంది, ఫరవాలేదు" అనుకోకండి. ఆ మిషను కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తానికీ మంచి రక్తానికీ తేడా పోల్చలేదు. అలాగే ముక్కు వెంట్రుకలు కాలినా, ఉమ్మిలో మసి కనిపించినా, గొంతు బొంగురుపోయినా మనిషి ఎంత బాగా మాట్లాడుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. వేడి పొగ తగిలిన గొంతు కొన్ని గంటల తరువాత వాచి, ఊపిరి మూసుకుపోవచ్చు. "ఇంటికి వెళ్ళి పడుకుంటాను" అనే రోగిని ఆపవలసింది మీరే.

మనమే చేసుకునే తనిఖీ

ఒక ఆదివారం సాయంత్రం అసోసియేషను వారు నలుగురు కలిసి, పై నుండి కిందికి నడవండి. గంటకు మించి పట్టదు.

డాబా తలుపుతో మొదలుపెట్టండి. మేము మా భవనంలో ఈ పని మొదలుపెట్టిన రోజున ఆ తలుపుకు తాళం ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంది. వాచ్‌మన్ వాళ్ళ ఊరు వెళ్ళాడు. మాలో ఒకరు నవ్వారు గాని, నాకు నవ్వు రాలేదు. పక్క డాబా మీది నుండి దొంగలు వస్తారన్న భయం సబబైనదే. దానికి తాళం అక్కరలేదు, మెట్ల వైపు గట్టి గడియ చాలు. బయటివాడు తీయలేడు, లోపలివాడు చెవి లేకుండా తీస్తాడు.

తరువాత మెట్లు. పాత సోఫా, చెప్పుల స్టాండు, పిల్లల సైకిలు, కొబ్బరి డొక్కల బస్తా, ఖాళీ గ్యాసు సిలిండరు, ఇన్వర్టరు బ్యాటరీ. ఇవి ఎవరి గుమ్మం ముందు ఉన్నాయో అడిగితే గొడవలొస్తాయని చాలామంది ఊరుకుంటారు. అడగవలసిందే. మెట్లు ఎవరి సొత్తూ కాదు. చీకట్లో, పొగలో, పసిబిడ్డను చంకన వేసుకుని దిగేటప్పుడు కాలికి తగిలేది ఆ సైకిలే.

కింద మీటర్ల బోర్డు దగ్గర ఎక్కువసేపు నిలబడండి. చాలా భవనాల్లో అది మెట్ల పక్కనే ఉంటుంది, దాని కిందే స్కూటర్లు నిలుపుతారు. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి బిగింపులు తుప్పు పట్టి వదులవుతాయి. వదులైన చోట వేడి పుడుతుంది. నల్లబడిన వైరు, కాలిన వాసన, చిటపట శబ్దం ఉంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టడం, బ్రేకరు పడిపోతోందని పెద్దది బిగించడం అంటే కాపలా కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టడమే. ఏ.సి.కి, గీజరుకు విడి లైను ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. ఎలక్ట్రిక్ స్కూటరును మెట్ల కింద, రాత్రంతా, అందరూ నిద్రపోయాక ఛార్జింగులో ఉంచవద్దు.

గోడకు ఎర్ర సిలిండరు వేలాడుతుంటే ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూడండి. ఎప్పుడు సర్వీసు చేశారో చీటీ మీద ఉంటుంది. దాన్ని వాడడం ఎంతమందికి తెలుసు? సీలు లాగాలి, మంట అడుగుకు గురిపెట్టాలి, పిడి నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. చిన్న మంటకే అది. గది నిండిపోయిన మంటతో పోరాడవద్దు, తలుపు మూసి బయటికి రండి.

ఇళ్ళ లోపల బాల్కనీ గ్రిల్లులు చూడండి. ఒక భాగం తెరుచుకునేలా లేకపోతే అది మనకు మనం కట్టుకున్న బోను. వంటింట్లో గ్యాసు ట్యూబు మీద ముద్రించిన సంవత్సరం చదివి, ఐదేళ్ళు దాటితే మార్చండి. వంటగ్యాసు గాలి కన్నా బరువు, కారితే నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వేయకండి, ఉన్నది ఆర్పకండి కూడా. రెగ్యులేటరు కట్టి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

చివరగా గేటు. మీ వీధిలోకి ఫైరింజను తిరుగుతుందా? గేటుకు అడ్డంగా కారు ఎవరిది?

నిజంగా అంటుకుంటే

101కు గాని 112కు గాని ఫోను చేయండి. వీధి పేరుతో పాటు అందరికీ తెలిసిన గుర్తు ఒకటి చెప్పండి. లిఫ్టు ఎక్కవద్దు. తలుపు తీసే ముందు చేతి వెనుక భాగంతో తాకి చూడండి. వేడిగా ఉన్నా, మెట్లలో దట్టంగా పొగ ఉన్నా దిగవద్దు, పైకి ఎక్కవద్దు. తలుపు మూసి, సందులో తడి బట్టలు కుక్కి, వీధి వైపు కిటికీ దగ్గరో బాల్కనీలోనో నిలబడి అరవండి. దారి ఉంటే వంగి, నేలకు దగ్గరగా నడవండి. నగలు, కాగితాల కోసం వెనక్కి వెళ్ళవద్దు.

ఒంటి మీద బట్టలంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. దగ్గరున్నవారు మందపాటి నూలు దుప్పటి కప్పాలి. తరువాత కాలిన చోట 20 నిమిషాల పాటు మామూలు కుళాయి నీళ్ళు ధారగా పోయాలి. 20 నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, గడియారం చూసి పోయండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. అంటుకుపోయిన బట్టను పీకవద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు వద్దు. వాటిని కడిగి తీసేటప్పుడు రోగి పడే బాధ చూసినవారెవరూ మళ్ళీ రాయరు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి తీసుకురండి.

ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం ఆ రోజును ఎంచుకున్నారు. ఆ వారంలో మీ ఊరి ఫైర్ స్టేషనుకు వెళ్ళి, మా భవనానికి వచ్చి చూపించండి అని అడగండి. వారు వచ్చేనాటికి డాబా తలుపు తాళం తీసి, గడియ బిగించి ఉంచండి.