పాఠశాలలోని ఆంగ్లము, కళాశాలలోని రచన

ప్రశ్న: పండ్రెండవ తరగతి చదువుచున్న మా అమ్మాయికి, బడిలో నేర్చిన ఆంగ్లము కళాశాల వ్రాతకు చాలునా?
– ఒక తండ్రి, డైరీ ఫార్మ్, పోర్ట్ బ్లెయిర్

జవాబు: పునాదికి చాలును, కట్టడమునకు చాలదు. సి.బి.ఎస్.ఇ. ప్రశ్నపత్రము 50 మాటలలో నోటీసును, 120 నుండి 150 మాటలలో వ్యాసమునో నివేదికనో వ్రాయించి క్లుప్తతను, క్రమమును అలవరచును గాని, 1967లో వెలసిన మీ ఊరి జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ (అనగా ప్రభుత్వ) మహావిద్యాలయము వంటి కళాశాలలకు పోయినపిమ్మట, పరుల అభిప్రాయమును తన మాటలలో చెప్పి, తన వాదమును ఆధారములతో నిలుపవలసియుండును. “అండమానులలో వర్షము మెండు” అనుట వాక్యము, “అయినను వేసవిలో నీటికి కరవేల?” యని ప్రశ్నించి, కారణములు చూపుట రచన. వారమునకొక పుట అట్లు వ్రాయించి, మరునాడు ఆమెనే దిద్దుకొననిండు.