మెడ కదలకుండా ఊపిరి దారి: వీడియో లారింగోస్కోపు బ్లేడుల తులనాత్మక పరిశీలన

కృష్ణా డెల్టా దిగువ భాగాన, ముఖ్యంగా దివిసీమలో, తాడిచెట్టునో కొబ్బరిచెట్టునో నమ్ముకొని బ్రతికే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. మోకు తెగినా, కాలు జారినా మనిషి పడేది చాలా ఎత్తునుంచి. అలా పడినవారిలో కొందరికి మెడపూస విరుగుతుంది. మోటారు సైకిలు ప్రమాదాలలోనూ ఇదే జరుగుతుంది. మరికొందరికి ఏ దెబ్బా తగలకుండానే, వయస్సుతో పూసలు అరిగో డిస్కు జారో వెన్నుపాము నొక్కుకుపోతుంది. వీరికి ఆపరేషను చేసే సర్జను గురించి అందరమూ చెప్పుకుంటాం. అయితే సర్జను కత్తి పట్టకముందే మత్తు డాక్టరు చేయవలసిన పని ఒకటుంది. నోటిగుండా శ్వాసనాళంలోకి ట్యూబు దించాలి. ఆ కొద్ది క్షణాలలో మెడ ఎంత కదులుతుంది, ఏ పరికరంతో తక్కువ కదులుతుంది అన్నదే ఈ వ్యాసంలో మనం పరిశీలించబోయే విషయం.

చిక్కు ఎక్కడ?

మన మెడలో 7 పూసలు. వాటి నడుమగా వెన్నుపాము దిగుతుంది. మెడలోని 3, 4, 5 నాడులనుండి బయలుదేరే నాడి ఉదరవితానాన్ని, అనగా ఊపిరి తీయించే ప్రధాన కండరాన్ని నడిపిస్తుంది. కనుక వెన్నుపాము పైభాగాన దెబ్బతింటే కాళ్ళూ చేతులతోపాటు ఊపిరికే మోసం రావచ్చు.

మామూలు రోగికి ట్యూబు వేసేటప్పుడు తలను వెనక్కి వంచి, లారింగోస్కోపు బ్లేడుతో నాలుకను ఎత్తి, స్వరపేటికను నేరుగా కంటితో చూస్తారు. చూపు సరళరేఖలోనే పోతుంది గదా! నోరు, గొంతు, స్వరపేటిక ఇంచుమించు ఒక వరుసకు రావాలంటే తల వంచక తప్పదు. ఆ వంపులో ఎక్కువ భాగం పుర్రెకూ మొదటి రెండు పూసలకూ మధ్యనే జరుగుతుంది. విరిగిన మెడకు అదే గండం. అందుచేత ఒక సహాయకుడు రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకొని ఉంటాడు. పట్టుకుంటే మెడకు రక్షణే, కాని స్వరపేటిక సరిగా కనబడదు. కనబడలేదు గదా అని బ్లేడును బలంగా ఎత్తితే, పట్టుకున్న ప్రయోజనం కాస్తా పోతుంది.

మూడు రకాల బ్లేడులు

ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరుగా ఉన్న రాబర్ట్ మాకింతోష్ 1943లో వంపు బ్లేడును ప్రకటించాడు. నేటికీ ప్రతి ఆపరేషను థియేటరులోనూ కనిపించేది అదే. 2001లో కెనడా సర్జను జాన్ పేసీ రూపొందించిన గ్లైడ్‌స్కోపు వాడకంలోకి వచ్చింది. బ్లేడు కొస దగ్గర చిన్న కెమెరా, పక్కన తెర. డాక్టరు కన్ను నోటి బయట ఆగిపోకుండా గొంతులో మలుపు దాకా వెళ్ళినట్లయింది. ఆ తరువాత వచ్చినవాటిని మూడు తరగతులు చేయవచ్చు.

మొదటిది మాకింతోష్ ఆకారపు వీడియో బ్లేడు. సీ-మాక్ యంత్రంలోని మామూలు బ్లేడు ఇటువంటిది. చేతికి అలవాటైన ఆకారం, ట్యూబుకు అలవాటైన దారి. తెర మసకబారితే నేరుగా కంటితోనూ చూడవచ్చు.

రెండవది బాగా వంగిన బ్లేడు. గ్లైడ్‌స్కోపు, సీ-మాక్ డి-బ్లేడు ఈ తరగతివి. గ్లైడ్‌స్కోపు వంపు సుమారు 60 డిగ్రీలు. తలను వంచకుండా, నాలుకను ఎక్కువ బలంతో ఎత్తకుండానే స్వరపేటికను చూపిస్తుంది.

మూడవది గాడి ఉన్న బ్లేడు. ట్యూబును ముందే గాడిలో అమర్చి, తెరమీద స్వరపేటిక నడిమికి రాగానే ముందుకు తోస్తారు. అయితే బ్లేడు మందం పెరుగుతుంది. కింగ్ విజన్ పరికరంలో గాడి లేని బ్లేడుకు నోరు 13 మిల్లీమీటర్లు తెరుచుకుంటే చాలు, గాడి బ్లేడుకు 18 మిల్లీమీటర్లు కావాలి. మెడకు పట్టీ వేసిన రోగికి ఈ 5 మిల్లీమీటర్లే కష్టం కావచ్చు.

కనబడటం వేరు, అందటం వేరు

బాగా వంగిన బ్లేడే అన్నిటికన్న మిన్న అని ఇక్కడ తేల్చేయాలనిపిస్తుంది. తొందరపడరాదు. కాలువ మలుపులో గట్టుమీద అద్దం నిలబెడితే అవతలి పడవ కనబడుతుంది. అంతమాత్రాన మన పడవ మలుపు తిరగదు, చుక్కాని తిప్పాలి. ఇక్కడ చుక్కాని పని చేసేది స్టైలెట్, అనగా ట్యూబు లోపల పెట్టే గట్టి తీగ. దానిని బ్లేడు వంపుకు సరిపోయేటట్లు వంచి ఉంచకపోతే, స్వరపేటిక ఎదుట ఉన్నా ట్యూబు దాని ముందు తచ్చాడుతూనే ఉంటుంది. ఇంకొక హెచ్చరిక. కళ్ళు తెరకే అప్పగించి ట్యూబును తోస్తే, తెరమీదికి రాకముందే అది మెత్తని అంగిలిని చీల్చిన సందర్భాలు వైద్య పత్రికలలో ఉన్నాయి. అందుకే ముందు నోటిని చూడాలి, ఆ తరువాతే తెరను చూడాలి.

పరిశోధనల ఫలితం

బ్లేడులను పోల్చేవారు ముఖ్యంగా నాలుగు సంగతులు కొలుస్తారు: స్వరపేటిక ఎంత కనబడింది, మొదటి ప్రయత్నంలోనే ట్యూబు పడిందా, ఎంతసేపు పట్టింది, ఎక్స్‌రే తెరమీద పూసలు ఎంత కదిలాయి. 2022లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 222 పరిశోధనలను, 26 వేల పైచిలుకు రోగుల వివరాలను క్రోడీకరించింది. పాత పద్ధతికన్న వీడియో పద్ధతిలో విఫల ప్రయత్నాలు తగ్గుతాయని తేల్చింది. మెడ గాయాల రోగులకు వీలైనంతవరకు వీడియో లారింగోస్కోపే వాడాలని బ్రిటన్ నిపుణులు 2024లో సూచించారు. ట్యూబు వేసేటప్పుడు మెడపట్టీ ముందుభాగం తీసి, తలను చేతులతో పట్టుకోమన్నారు.

అయినా ఏ బ్లేడూ మెడ కదలికను సున్న చేయదు. తగ్గించగలదు, అంతే. వెన్నుపాముకు మరీ ముప్పు ఉన్న రోగికి, నోరు తెరుచుకోని రోగికి, మెలకువగా ఉండగానే ఫైబర్ ఆప్టిక్ గొట్టంతో ట్యూబు వేసే పద్ధతి నేటికీ అవసరమే. ట్యూబు వేసిన తరువాత "కాళ్ళు కదపవయ్యా" అని అడిగి చూసుకొనే వీలు అందులో ఉంది.

కనుక బ్లేడును ఎంచుకొనేటప్పుడు మూడింటిని చూడాలి: రోగి మెడ, నోరు తెరుచుకొనే వెడల్పు, డాక్టరు చేతి అలవాటు. వారానికి పదిసార్లు వాడిన బ్లేడు, ఏడాదికి ఒకసారి బీరువాలోనుంచి తీసే ఖరీదైన బ్లేడుకన్న మేలు.

మన వంతు

2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఈ విద్య నేర్చే చేతులు ఇకమీద మన ఊళ్ళోనే తయారవుతాయి. వైద్య విద్యార్థులు బొమ్మలమీద ఈ మూడు రకాల బ్లేడులనూ, తల కదలకుండా పట్టించి మరీ, సాధన చేయాలి.

తక్కినవారికీ పని ఉంది. చెట్టుమీదనుంచి పడిన మనిషిని చంకల కింద పట్టి లేపి, ఆటోలో కూర్చోబెట్టి, "ఏమీ కాలేదులే" అని మెడ అటూ ఇటూ తిప్పి చూడటం మన పల్లెల్లో అలవాటు. అటువంటప్పుడు పడిన తీరునే ఉంచి, ఒకరు తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకొని, 108కి ఫోను చేయాలి. తప్పనిసరిగా కదిలించవలసి వస్తే నలుగురు కలిసి, తలా ఒళ్ళూ ఒక్క వరుసలో ఉంచి, బల్లమీదకు చేర్చాలి. నాగాయలంకలో తాటితోపులో పోయిన వెన్నుపామును గుంటూరులోగాని హైదరాబాదులోగాని ఎంత మంచి బ్లేడైనా తిరిగి తేలేదు.